స్కాన్‌లో దొరకని లోపం: ఇంగ్లండ్‌లో దావా ఎవరిది, గడువెంత?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఇక్కడికి కొత్తగా వచ్చాం. ఇరవై వారాల స్కాన్‌లో అంతా బాగుందన్నారు, బాబు వెన్నెముక లోపంతో పుట్టాడు. బిడ్డ పేరున 21 ఏళ్ళొచ్చేదాకా కేసు వేయొచ్చట. అయితే తొందరేం లేదా?

జవాబు: తొందర ఉంది చెల్లెమ్మా. మీరు విన్నది కాన్పులో బిడ్డకు హాని జరిగిన కేసుల సంగతి. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతింటే దావా బిడ్డది. 18 నిండాక మూడేళ్ళ దాకా గడువుంటుంది. మీ విషయంలో లోపం డాక్టర్ల వల్ల రాలేదు, ఉన్నది మీకు చెప్పలేదు. ‘నేను పుట్టకుండా ఉండాల్సింది’ అంటూ బిడ్డ వేసే దావాను 1982లోనే మెకే కేసులో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. కాబట్టి దావా తల్లిగా మీది. విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే. బాబు పుట్టిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, క్షేమం.

ముందు రికార్డులు తెప్పించండి. గర్భిణిగా ఉన్నప్పటి నోట్స్, రక్తపరీక్షలు, స్కాన్ రిపోర్టు కావాలని ఆస్పత్రిని నడిపే ట్రస్టుకు రాయండి. వాళ్ళు భద్రపరిచిన స్కాన్ బొమ్మలు కూడా కావాలని విడిగా అడగండి. లేకుంటే రిపోర్టు కాగితమొక్కటే చేతికి రావచ్చు. ఫీజు ఉండదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. లోపం దొరకనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. పని తెలిసిన సోనోగ్రాఫర్ (స్కాన్ తీసే వ్యక్తి) ఆ రోజు ఆ లోపాన్ని గుర్తించి ఉండాల్సిందా అన్నది ఆ బొమ్మలు చూసే నిపుణుడు చెబుతాడు.

మరో జవాబు: అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఒకటుంది. ముందే తెలిస్తే గర్భం తీయించుకునేదాన్నని తల్లే రుజువు చేయాలి. బిడ్డకు తీవ్ర వైకల్యం వచ్చే ముప్పు గట్టిగా ఉంటే 1967 గర్భస్రావ చట్టం 24 వారాలు దాటాక కూడా అనుమతిస్తుంది. అలా వాంగ్మూలం ఇవ్వడమంటే బిడ్డను వద్దనడం కాదమ్మా. వచ్చే పరిహారం వాడి వైద్యానికీ ఆలనాపాలనకే. పేర్లు పత్రికలకెక్కకుండా ఉత్తర్వు కోరమని సొలిసిటర్‌కు (మీ కేసు చూసే లాయరుకు) మొదటే చెప్పండి.

పరిహారానికి హద్దుంది. 2021 నాటి ఖాన్–మెడోస్ కేసులో తల్లి హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) గురించే అడిగింది. బాబుకు ఆటిజం కూడా ఉన్నా, సుప్రీంకోర్టు హీమోఫీలియా ఖర్చులే ఇప్పించింది. మీరేం అడిగారో, వాళ్ళేం చెప్పారో ఇప్పుడే తేదీలతో రాసిపెట్టుకోండి.

ఇంకొకరు: నోట్స్‌లో దుబాసీని పెట్టారో లేదో చూడండి. తమిళ తల్లికి అర్థమయ్యేలా బిడ్డకు పాలు పట్టడం గురించి చెప్పలేదని 2018లో హైకోర్టు ఒక ట్రస్టును బాధ్యురాలిగా తేల్చింది.

వైద్య నిర్లక్ష్యం కేసులే చూసే సొలిసిటర్‌ను పట్టుకోండి. యాక్షన్ అగెనెస్ట్ మెడికల్ యాక్సిడెంట్స్ సంస్థకు ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందంలో సక్సెస్ ఫీజు (గెలిస్తే లాయరు అదనంగా తీసుకునేది), బాధకు ఇచ్చే పరిహారం, అప్పటిదాకా అయిన నష్టం కలిపిన మొత్తంలో 25 శాతం దాటకూడదు. భవిష్యత్ సంరక్షణ సొమ్మును ముట్టుకోకూడదు. సంతకానికి ముందు ఆ పేరా చదివి వినిపించమనండి.