అగ్నివీర్ పరుగు: చివర్లో కాళ్లు ఆగిపోతున్నాయి

కావలి కుర్రాడు: అన్నా, ఆర్మీ అగ్నివీర్ సెలక్షన్ పరుగు 1.6 కిలోమీటర్లు నాకు 5 నిమిషాల 52 సెకన్లలో వస్తోంది. 60 మార్కులు రావాలంటే 5:30 లోపు కొట్టాలి గదా. రోజూ తుమ్మలపెంట బీచ్‌లో ఇసుకలోనే పరిగెత్తుతున్నా. చివరి 400 మీటర్లలో పిక్కలు రాళ్లయిపోతున్నాయి. ఒకటే టెన్షన్.

రిటైర్డ్ హవల్దార్, ఒంగోలు: రోజూ ఇసుకేంది అబ్బయ్యా! వారానికి ఒక్కరోజు చాలు. గట్టి నేల మీద 400 మీటర్లు 80 సెకన్లలో పరిగెత్తు, రెండు నిమిషాలు నడువు. అట్లా ఆరుసార్లు. టెస్టు రోజు మొదటి రౌండే 70 సెకన్లలో లాగితే చివర్లో ఊపిరుండదు. తొలి భర్తీ ర్యాలీలో నేను ఫెయిలయింది అట్లనే.

కందుకూరు నుంచి: పుల్లప్స్ సంగతేంటి తమ్ముడూ? పదికి 40 మార్కులు. నేను ఇంటి ముందు వేపకొమ్మకే వేలాడేవాణ్ణి. అరచేతులు బొబ్బలెక్కితే మా అమ్మ తిట్టి, కొబ్బరినూనె రాసేది.

కావలి కుర్రాడు: ఏడు దగ్గర ఆగిపోతున్నానన్నా. సరే సార్, రేపట్నుంచి గ్రౌండ్‌కే. టెస్టులో ఉండే 9 అడుగుల గుంత దూకడం ప్రాక్టీసు మాత్రం ఇసుకలోనే.