అప్‌డేట్: 15 నిమిషాల రౌండింగ్ గొడవ తీరింది

పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ హాజరు ప్రోగ్రామ్, వచ్చిన టైమ్‌ని దగ్గర్లోని 15 నిమిషాలకి రౌండ్ చేయడంలో తేడా చేస్తోందని అడిగాను కదా. 8:07:30కి వచ్చినవాళ్లకి 8:00 పడేది, 8:22:30కి వచ్చినవాళ్లకి మాత్రం 8:30. రెండూ సరిగ్గా మధ్యలోవే అయినా ఒకటి కిందికి, ఒకటి పైకి. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

తప్పు రౌండ్ ఫంక్షన్ దగ్గరే. పైథాన్ 3లో (ప్రోగ్రామ్ రాసిన భాష) అది సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు మొగ్గుతుంది: 8:07:30 అంటే అర్ధరాత్రి నుంచి 32.5 పావుగంటలు, అది కాస్తా 32; 8:22:30 అంటే 33.5, అది 34. ఒకరు చెప్పినట్టే అర్ధరాత్రి నుంచి లెక్కేసిన సెకన్లకి 450 కలిపి, // తో (శేషం వదిలేసే భాగహారం) 900తో, అంటే 15 నిమిషాల సెకన్లతో, భాగించి, మళ్లీ 900తో గుణించాను. ఇప్పుడు రెండూ పైకే వెళ్తున్నాయి.

టైమ్‌జోన్ మీద అనుమానంతో రెండు రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నాను. యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మన టైమ్‌కీ ఉన్న 5:30 గంటల తేడాలో 15 నిమిషాలు సరిగ్గా 22 సార్లు పడతాయి, దానికీ దీనికీ సంబంధం లేదు. యూటీసీలో గంటకి రౌండ్ చేసేవాళ్లకైతే అరగంట తేడా వస్తుంది.

నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లు చూసుకోండి, 23:52:30 నుంచి 24:00 వస్తుంది, తేదీ మార్చాలి.