అమ్మకి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కాశీలో మూడు రోజుల్లో ఏ గుళ్ళు చూపించగలను?

నల్గొండ అబ్బాయి అడిగారు:

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో అమ్మను కాశీ తీసుకెళ్తున్నాను. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మొఘల్‌సరాయ్‌లో దిగుతాం. ఆ స్టేషన్ పేరు మారింది కానీ మా ఇంట్లో ఇంకా అదే అంటారు. మూడు రాత్రులు ఉంటాం. నాన్న పోయి రెండేళ్ళయింది, ఆయనకి అక్కడ పిండప్రదానం చేయాలి. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నేల మీద ఎంతైనా నడుస్తుంది, మెట్లంటేనే భయం.

ఎవరో వాట్సాప్‌లో 27 గుళ్ళ జాబితా పంపారు. అమ్మ దాన్ని ప్రింట్ తీయించి పర్సులో పెట్టుకుంది. రోజుకో మూడుసార్లు తీసి చదువుతోంది. నాకేమో టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు ఏది ముందు, ఏది వెనక చెప్పండి.

వరంగల్ బుల్లెట్ రాశారు:

అన్నా, టెన్షన్ ఏం లేదు. పొద్దున్నే ఒక ఆటో మాట్లాడుకోండి. దుర్గాకుండ్, సంకటమోచన్, కాలభైరవుడు అన్నీ తిప్పి చూపిస్తాడు. నేను ఒక్కరోజులో 11 గుళ్ళు చూశాను.

గోదారి గట్టు టీచరమ్మ రాశారు:

బాబూ, పై అబ్బాయి వయసు ఎంతో నాకు తెలియదు కానీ మోకాళ్ళు మాత్రం బాగున్నట్టున్నాయి. నేను మా అత్తయ్యగారిని రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండోసారి ఆవిడకి 76. కాశీలో లెక్క గుళ్ళది కాదు, మెట్లది. ఆటో రోడ్డు దాకానే వస్తుంది, అక్కడినుంచి సందు మొదలు. సందులో ఆవు, ఆవు వెనక స్కూటరు. అది దాటాక గుడి. ఒక్కో గుడికీ ఎన్ని మెట్లో చూసి రోజు ప్లాన్ చేసుకోండి.

ముందు తేదీ చూసుకోండి. పౌర్ణమి రోజు దేవ్ దీపావళి అని ఘాట్లన్నీ దీపాలతో నింపుతారు. చూడ్డానికి అద్భుతమే, కానీ ఆ జనంలో పెద్దవాళ్ళతో అడుగు తీయలేం. ఒక సంగతి చాలామందికి తట్టదు. ఉత్తరాదివాళ్ళకి పౌర్ణమితో కార్తీకం అయిపోతుంది. మనకి ఆ తర్వాత ఇంకో పదిహేను రోజులు, అమావాస్య దాకా కార్తీకమే. కాబట్టి పౌర్ణమి వెళ్ళాక నాలుగు రోజులాగి బయల్దేరండి. వాళ్ళ రద్దీ తగ్గుతుంది, అమ్మగారి కార్తీకమూ దక్కుతుంది. బహుళ అష్టమి మాత్రం కాలభైరవాష్టమి, ఆ రోజు భైరవుడి గుడి వైపు వెళ్ళకండి. సోమవారం విశ్వనాథుడి దగ్గరికీ వద్దు.

బస విషయానికొస్తే, పాండే హవేలీ, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల చూసుకోండి. మన ఆంధ్రా ఆశ్రమం అక్కడే. ఆ వీధుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, అమ్మగారికి భాష బెంగ ఉండదు. మరో లాభం, అక్కడినుంచి కేదారేశ్వరుడి గుడి నడిచివెళ్ళేంత దూరం.

ఆ గుడి గురించి కొంచెం చెప్పనివ్వండి, నాకు కాశీలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే. నది నుంచి చూస్తే ఎరుపూ తెలుపూ చారల గోడలతో అచ్చం మన వైపు గుడిలా ఉంటుంది. ఘాట్ వైపు నుంచి ఎక్కితే నిట్టనిలువు మెట్లు, మొదటిసారి మా అత్తయ్యగారు సగంలో కూలబడ్డారు. తర్వాత తెలిసింది, వీధి వైపు కూడా ద్వారం ఉంది, అటునుంచి ఆ మెట్ల బాధ లేదు. లింగం నున్నగా ఉండదు, గరుకు రాయి, మధ్యలో ఒక గీత. మాంధాత రోజూ పులగం వండుకుని రెండు సగాలు చేసి ఒక సగం అతిథికి పెట్టేవాడట, ఆ పులగమే రాయై శివుడైందని కథ. మా అత్తయ్యగారు ఆ కథ విన్నాక ఇంటికొచ్చి ధనుర్మాసం పులగం వండిన ప్రతిసారీ గరిటెతో మధ్యలో గీత గీసేవారు. ఏం చేస్తాం.

విశ్వనాథుడికి తెల్లవారుజామునే వెళ్ళండి. 2021 డిసెంబరులో గుడి నుంచి గంగ దాకా కొత్త కారిడార్ తెరిచాక లోపల విశాలమైంది, పాత ఇరుకు సందులు చాలామటుకు పోయాయి. గంగ వైపు నుంచి వచ్చే దారి చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ మెట్లు బోలెడు. మీరు చౌక్ రోడ్డు మీది నాలుగో నంబరు గేటుకి రండి. వీల్‌చైర్ కావాలంటే గేటు దగ్గరే అడగండి, మొహమాటపడకండి. అక్కడే అన్నపూర్ణమ్మ. అమ్మవారి బంగారు విగ్రహం దీపావళి రోజుల్లో మాత్రమే చూపిస్తారు, మీరు వెళ్ళేసరికి తలుపులు మూసేస్తారు. ఆ సంగతి అమ్మగారికి ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక నొచ్చుకోకుండా.

విశాలాక్షి మీర్ ఘాట్ దగ్గర సందులో ఉంటుంది. అష్టాదశ పీఠాల శ్లోకం చదువుకునేవాళ్ళకి ఇది చూడకపోతే కాశీ చూసినట్టే ఉండదు. ముందున్న పెద్ద విగ్రహానికి దండం పెట్టి వచ్చేస్తారు చాలామంది. దాని వెనక చిన్న మూర్తి ఉంది, అదే పాత అమ్మవారు. వంగి చూడాలి.

పిండప్రదానానికి ఘాట్ మీద పిలిచేవాళ్ళతో వెళ్ళకండి. మాకు మొదటిసారి ఒకాయన కూర్చోబెట్టి, సగం మంత్రాలయ్యాక గోదానం, స్వర్ణదానం అంటూ పెంచుకుంటూ పోయాడు. మా ఆయన దర్భలు చేతిలో ఉండగా లేవలేక, చెప్పినంతా ఇచ్చారు. ముందే బస చేసినచోట అడిగి తెలుగు పురోహితుణ్ణి కుదుర్చుకోండి. దక్షిణ, సామాను, దానాలు అన్నీ కలిపి ఎంతో కూర్చోకముందే తేల్చుకోండి.

సైకత (డల్లాస్) రాశారు:

టీచరమ్మగారూ, వారాహి అమ్మవారిని మర్చిపోయారు! తెల్లవారుజామున కాసేపే తెరుస్తారు. నేలలో ఉన్న రంధ్రాల్లోంచి కిందికి చూడాలి. ఒక దాంట్లోంచి ముఖం, ఇంకోదాంట్లోంచి పాదాలు. మా అమ్మానాన్నలు ఇక్కడినుంచి ఇండియా వెళ్ళినప్పుడు ముఖ్యంగా దానికోసమే వెళ్ళారు.

గోదారి గట్టు టీచరమ్మ రాశారు:

మర్చిపోలేదమ్మా, కావాలనే వదిలేశాను. చీకట్లో సందుల్లో నడవాలి, జనం తోసుకుంటారు, వంగి రంధ్రంలోకి చూడాలి. మోకాళ్ళు అరిగిన మనిషికి వంగడం ఒక ఎత్తు, మళ్ళీ లేవడం ఒక ఎత్తు. అబ్బాయి ఒక్కడే వెళ్ళొచ్చి అమ్మకి చెప్తే చాలు.

నల్గొండ అబ్బాయి రాశారు:

చాలా థాంక్సండీ. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. పౌర్ణమి తర్వాత మనకింకా కార్తీకమే అన్నమాటకి తెగ సంతోషపడింది. జాబితా తనే తీసి పెన్నుతో కొట్టేసింది. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కేదారేశ్వరుడు, కాలభైరవుడు మిగిలారు. ఇక ఇంట్లో పెద్ద చర్చ కాశీలో ఏ కాయ, ఏ పండు వదలాలా అని. అమ్మ కాకరకాయ వదిలేస్తానంటోంది. ఎలాగూ తినదు. ఇష్టమైనది వదలాలమ్మా అంటే, అయితే మామిడిపండు నువ్వు వదులు అంటోంది.

గోదారి గట్టు టీచరమ్మ రాశారు:

అమ్మగారు తెలివైనవారు. ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. మేం ఫోన్లన్నీ రూములో పెట్టి వెళ్ళాం. దర్శనమై బయటికొచ్చే తోపులాటలో అత్తయ్యగారి చెయ్యి వదిలిపోయింది. గంటసేపు వెతికాం. మా ఆయన ముఖం చూడలేకపోయాను. చివరికి ఒక గాజుల కొట్టు అరుగు మీద కనిపించారు. చేతిలో టీ గ్లాసు. కొట్టావిడకి తెలుగులో మా ఇంటి కథంతా చెప్తున్నారు. ఆవిడ తల ఊపుతూ వింటోంది. మా గురించి ఏమేం చెప్పారో ఇప్పటికీ తెలియదు.

అందుకని ఒక చీటీ మీద బస పేరు, వీధి హిందీలో రాయించి అమ్మగారి కొంగున ముడివేయండి. ఫోన్ నంబరు కూడా రాయండి. మీది కాదు, బసది. మీ ఫోను రూములో ఉంటుంది కదా.