కెండ్రిక్ లమార్ రాసిన అత్యుత్తమ చరణం ఏది?

గంటస్తంభం (విజయనగరం):

ఇక్కడి మిత్రుల్లో చాలామంది అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ అనగానే 2024లో వచ్చిన 'నాట్ లైక్ అస్' పేరే చెబుతున్నారు. ఆ పాటకు మరుసటి సంవత్సరం ఐదు గ్రామీ పురస్కారాలు వచ్చిన మాట నిజమే; మాటలు అర్థం కాకపోయినా మన పెళ్లి ఊరేగింపుల్లో డీజే అది వేస్తే జనం ఊగిపోతారన్నదీ నిజమే. అయితే అది మరో ర్యాపర్ డ్రేక్‌తో పోట్లాటలో గెలవడానికి రాసిన పాట. గెలుపు తెలిసిపోయాక అందులో తవ్వి తీయవలసింది పెద్దగా మిగలదు. నా దృష్టిలో అతని అత్యుత్తమ చరణం 2012 నాటి 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' ఆల్బమ్‌లో ఉంది. పన్నెండు నిమిషాల 'సింగ్ అబౌట్ మీ, ఐయామ్ డైయింగ్ ఆఫ్ థర్స్ట్' పాటలో అది రెండో చరణం.

దాని పూర్వకథ తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 2011లో 'సెక్షన్ ఎయిటీ' ఆల్బమ్‌లో కెండ్రిక్ కీషా అనే యువతి కథ పాడాడు. ఒళ్లమ్ముకుని బతికే ఆ అమ్మాయి చివరికి హత్యకు గురవుతుంది. ఆ పాట రాసిన రోజునే పదకొండేళ్ల తన చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి వినిపించానని ముగింపులో చెబుతాడు. మంచి పాట, మంచి ఉద్దేశం, శ్రోతకు కంటతడి. మరుసటి సంవత్సరం వచ్చిన ఈ చరణంలో అదే కీషా సోదరి ఎదురొచ్చి అతన్ని కడిగేస్తుంది. మా ఇంటి మనిషి బతుకును పాట చేసి లోకానికి వినిపించడానికి నువ్వెవరివని, నేనూ అదే బతుకు బతుకుతున్నానని, నీ జాలి నాకు అక్కర్లేదని నిలదీస్తుంది. నేను మాసిపోయే మనిషిని కానని ఆమె పంతంగా అంటూండగానే గొంతు సన్నగిల్లుతూ బీట్ కిందికి జారిపోతుంది.

ఒక్కరే పలు గొంతులు పలికే విద్య మన ఊరికి కొత్త కాదు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథా సంప్రదాయమంతా అదే. అయితే హరికథలో రావణుడు రాముణ్ని తిడతాడే గాని, చిడతలు పట్టుకుని నిలబడ్డ దాసుగారిని తిట్టడు. కెండ్రిక్ తాను సృష్టించిన పాత్రను తన మీదికే వదిలాడు. ర్యాప్‌లో సొంత గొప్ప చెప్పుకోవడం దాదాపు ఆచారమైపోయిన చోట ఈ పని చేశాడు కనుకనే దీన్ని అన్నిటికన్నా ఎత్తున నిలబెడుతున్నాను.

నాగావళి (శ్రీకాకుళం):

మాస్టారూ, మీ వివరణ బాగుంది గాని, మీరు మెచ్చుకున్న చోటే నాకు అభ్యంతరం ఉంది. ఆ నింద రాసింది ఎవరు? కెండ్రిక్కే. తనను ఎంతవరకు తిట్టించుకోవాలో, ఎక్కడ ఆపించాలో నిర్ణయించుకున్నవాడు కూడా అతనే. పైగా మూడో చరణంలో సొంత గొంతుతో వచ్చి, నొప్పించాలని కాదు, ఈ కథ ఎవరో ఒకరు చెప్పాలి కనుక చెప్పానని సంజాయిషీ ఇచ్చుకుంటాడు. అది విని బదులు చెప్పడానికి అప్పటికి ఆ అమ్మాయి లేదు. వాదించే అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి తీర్పు తన దగ్గరే ఉంచుకోవడం కాదా ఇది?

నా ఎంపిక 2017లో వచ్చిన 'డ్యామ్' ఆల్బమ్‌లోని చివరి పాట 'డక్‌వర్త్'. ఆంథొనీ అనే మనిషి కేఎఫ్‌సీ దుకాణాన్ని దోచుకోవాలని చూస్తున్నాడు. అంతకుముందు ఒకసారి అక్కడ దోపిడీ చేసిన అనుభవమూ ఉంది. లోపల కౌంటర్ దగ్గర పనిచేస్తున్న డక్కీకి ఆ సంగతి తెలుసు. తెలిసే, ఆంథొనీ వచ్చినప్పుడల్లా డబ్బులు తీసుకోకుండా చికెన్ ఇస్తాడు, పైన రెండు బిస్కట్లు వేస్తాడు. ఆ మంచితనానికి ప్రాణం దక్కుతుంది. ఏళ్లు గడిచాక ఆ ఆంథొనీ టాప్ డాగ్ అనే సంగీత సంస్థ పెట్టి కెండ్రిక్‌ను పైకి తెచ్చాడు. ఆ డక్కీ కెండ్రిక్ తండ్రి. ఎవరినీ ఏడిపించకుండా, ఎవరినీ సమర్థించకుండా రెండు బిస్కట్ల మీద మూడు జీవితాలు నిలబెట్టాడు. సంగీత నిర్మాత నైన్త్ వండర్ కట్టిన బీట్ మధ్యలో మారిపోతున్నా కథ ఎక్కడా తడబడదు. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపల అంతవరకు ఏ రచనకూ దక్కని పులిట్జర్ సంగీత పురస్కారం 2018లో ఈ ఆల్బమ్‌కు వచ్చిందంటే, ఇలాంటి నిర్మాణాన్ని చూసే అనుకుంటాను.

బొబ్బిలి వీణ:

ఇద్దరూ 2015 నాటి 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్'ను పక్కన పెట్టడం వింతగా ఉంది. దక్షిణాఫ్రికాలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఒకాయన పది ర్యాండ్లు అడుగుతాడు. ఇస్తే మత్తుమందుకే తగలేస్తాడని కెండ్రిక్ ఇవ్వడు. ఆయన మాత్రం కదలకుండా అలా చూస్తూ నిలబడతాడు. ఆ చూపుకు కెండ్రిక్‌లో మొదట చిరాకు, తర్వాత కోపం, ఆ తర్వాత తనను తాను సమర్థించుకోవడం ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతాయి. చివరికి ఆయన దేవుడని తేలడం మన పురాణాలు విన్నవాళ్లకు ఆశ్చర్యమేమీ కాదు. బస్టాండులో చెయ్యి చాపినవారికి రూపాయి ఇవ్వకపోవడానికి మనం లోపల వెతుక్కునే కారణాలన్నీ ఆ నడిమి భాగంలో ఉన్నాయి, నన్ను పట్టుకున్నది అదే. ఒబామా ఆ ఏడాది తనకు నచ్చిన పాటగా దీన్నే చెప్పారు.

కళింగపట్నం:

నిందే గీటురాయి అయితే ఆ 'డాలర్' పాట ఉన్న ఆల్బమ్‌లోనే ఉన్న 'యు' సంగతేమిటి? హోటల్ గదిలో ఏడుపు గొంతుతో తనను తానే తిట్టుకుంటాడు. స్నేహితుడి తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే చూడటానికి వెళ్లక వీడియో కాల్ చేసి ఊరుకున్నావంటాడు. అంత చిన్న, అంత సిగ్గుపడే విషయాన్ని అతను మరెక్కడా పలకలేదు.

గంటస్తంభం (విజయనగరం):

'యు' వినడానికి గుండె నిబ్బరం కావాలి, కాదనను. అయినా అక్కడ తిట్టేవాడూ పడేవాడూ ఒక్కరే. అలాంటి నిందలో ఎంత తీవ్రత ఉన్నా మరో మనిషి దృష్టి ఉండదు. 'డాలర్' పాటకు ఆ ముగింపే బరువు. ఆయన దేవుడు కాకుండా మామూలు బిచ్చగాడే అయివుంటే కెండ్రిక్ తప్పు ఇంకా పెద్దదయ్యేది.

నాగావళి గారూ, మీ అభ్యంతరం బలమైనదే, దానికి నా సమాధానం ఆ పాట ధ్వనిలోనే ఉంది. మొదటి చరణంలో మాట్లాడేవాడు కెండ్రిక్ కళ్లెదుట చనిపోయిన స్నేహితుడి సోదరుడు. నీ ఆల్బమ్ వచ్చేలోగా నేను పోతే అని అతను అంటూండగానే తుపాకీ పేలి మాట తెగిపోతుంది. ఆ అమ్మాయి గొంతు అలా తెగదు, తగ్గుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం పెంచి వినండి. బీట్ అడుగున ఆమె చాలాసేపు మాట్లాడుతూనే ఉంటుంది. ఆపేయాలనుకున్నవాడు అక్కడితో కత్తిరించేవాడు. మాట్లాడుతున్న మనిషిని మనం వినడం మానేయడం ఎలా ఉంటుందో మన చెవులతోనే చేయించాడు. ఆ తర్వాత వచ్చే సంజాయిషీ పేలవంగా ఉందని మీకు అనిపించిందంటే, తీర్పు అతని దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది.

'డక్‌వర్త్'లో మాత్రం తీర్పు అతనే చెప్పేస్తాడు. ఆంథొనీ ఆ రోజు డక్కీని చంపి ఉంటే తాను తండ్రి లేకుండా పెరిగి తుపాకీకి బలయ్యేవాణ్నని చివరి మాటల్లో విడమరిచి చెబుతాడు. అంత గొప్పగా కథ నడిపినవాడు శ్రోతను ఆ కాస్త నమ్మలేకపోయాడు.

నాగావళి (శ్రీకాకుళం):

శబ్దం పెంచి విన్నాను. ఆమె మాట్లాడుతూనే ఉందన్నది ఒప్పుకుంటున్నాను, మీ నిర్ణయాన్ని మాత్రం ఒప్పుకోవడం లేదు. 'డక్‌వర్త్' ఆ చివరి మాటతో ముగియలేదు. మాట పూర్తికాగానే తుపాకీ పేలుతుంది, ఆల్బమ్ మొత్తం వెనక్కి తిరిగి మొదటి పాటలో కెండ్రిక్ పలికే మొదటి వాక్యం దగ్గర ఆగుతుంది. ఆ మొదటి పాటలో కెండ్రిక్ దారిలో ఒక గుడ్డి మహిళకు సాయం చేయబోతాడు, తుపాకీ పేలుతుంది. ఒక మంచి పని తండ్రిని బతికించిన కథ చెప్పి, మంచి పని చేయబోయిన కొడుకును చంపిన చోటికి మనల్ని తీసుకెళ్లి నిలబెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో పాటల క్రమాన్ని తలకిందులు చేసి ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు 'డక్‌వర్త్' మొదటి పాట అయింది. ఆ వరుసలో వింటే తండ్రి బతకడంతో మొదలై కొడుకు చావుతో ముగుస్తుంది. మీరు తీర్పు అంటున్న వాక్యాన్ని ఈ రెండు వరుసల్లోనూ ఒకసారి విని, అప్పుడు చెప్పండి మాస్టారూ.