సమస్య: నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు (తేటగీతి)

నిర్వాహకుడు:
ఈ విడత సమస్య ఇది, ఈ పాదాన్ని కలుపుకుని పద్యం పూరించాలి:

నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

నియమాలు మూడే. ఇటీవల చదివిన నవల గురించిన అభిప్రాయమో సిఫారసో పద్యంలో ఉండాలి. నవల పేరు చెప్పనక్కరలేదు. ముగింపు మాత్రం బయటపెట్టకూడదు.

కొత్తవారికోసం: తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. గణమంటే లఘువుల (పొట్టి అక్షరాల), గురువుల (పొడుగు అక్షరాల) గుంపు. సూర్యగణాలు న, హ; ఇంద్రగణాలు నల, నగ, సల, భ, ర, త. 4వ గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అదే యతి. దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. ఇచ్చిన పాదం ఇలా విడుతుంది (కుండలీకరణల్లో ఉన్నవి గణాల పేర్లు): నవలఁ (న), జదువని (నల), వాఁడె పో (ర), నవల (న), నెఱుఁగు (న). యతి న–న.

పుటలపురుగు:

అట్టఁ జూచియు వెనుకటి యట్టఁ జదివి
కథను సాంతము చెప్పెడి ఘనుఁడు సభల;
మనకు నతఁడె విమర్శకమాన్యుఁ డయ్యె;
నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

గణదృష్టి:
వ్యంగ్యంతో దాటేశారు. ఈ సమస్యకు అందరికీ మొదట తోచేది ఇదే, అయినా నడక బాగుంది. 3వ పాదంలో ‘నతఁడె వి’ నలం, ‘మర్శక’ భగణం. సమాసం గణాల మధ్య విరిగినా చెవికి తగల్లేదు. ఒక్క సందేహం. వెనుక అట్ట మీద కథ ఎత్తుగడ మాత్రమే వేస్తారు గదా, అది చదివి ‘సాంతము’ చెప్పడం ఎలా? ‘కడకు నెట్లగునో చెప్పు ఘనుఁడు’ అంటే ఊహించి చెప్పాడని తేలుతుంది. గణాలూ సరిపోతాయి: కడకు (న), నెట్లగు (భ), నో చెప్పు (త).

పుటలపురుగు:
సవరణ గణాలకు సరే గాని, ఎత్తిపొడుపు పోతుంది. చదవకుండా సాంతం చెప్పగలగడమే అతని ఘనత. అలాగే ఉంచుతాను.

కొత్తకలం:
పుస్తకం వినేవాళ్ల పక్షాన నా ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

కనులు మూసి చెవులతోఁ గథను వినును
పాత్ర కొక్కొక్క గొంతుతోఁ బలుకువాఁడు
చదివి వినిపింప మురియుచుఁ జవి నెఱింగె
నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

గణదృష్టి:
ఊహ కొత్తది. చదవనివాడు విని తెలుసుకున్నాడు కాబట్టి సమస్యలోని వైరుధ్యం దానంతటదే విడిపోయింది. 2, 3 పాదాలు నిర్దుష్టం. 1వ పాదం దెబ్బతింది. విడదీసి చూడండి: కనులు (న), మూసి చె (భ), వులతోఁ గ (సల), థను వి (న), నును. చివర రెండు లఘువులే మిగిలాయి, గణం నిండలేదు. పైగా యతిస్థానంలో ‘థ’ పడింది, మొదట ఉన్నది ‘క’. రెండు జబ్బులకూ మూలం ఒక్కటే: ‘మూసి’ తర్వాత ఒక లఘువు తక్కువైంది. ఇలా మార్చండి:

కనులు మూసియుఁ జెవులతోఁ గథలు వినుచు

కనులు (న), మూసియుఁ (భ), జెవులతోఁ (నగ), గథలు (న), వినుచు (న). యతి క–గ. ‘మూసి’ కళ, అంటే చివర ద్రుతమనే నకారం లేని మాట, అందుకే మీ పాదంలో చకారం అలాగే నిలిచింది. ‘మూసియున్’ ద్రుతాంతం, ఆ నకారం తర్వాత చకారం జకారమవుతుంది, అందుకే ‘జెవుల’ వచ్చింది. ‘వినును’ తీసేసి ‘వినుచు’ పెట్టడంతో వాక్యం కూడా కింది పాదాల్లోకి సాఫీగా దిగింది.

పుటలపురుగు:
విషయం మీద ఒక మాట. అన్ని నవలలూ చెవికి లొంగవు. సంభాషణ మీద నడిచేవి, మాండలికంలో రాసినవి చదవడం కంటే వింటేనే బాగుంటాయి. కంటికి అడ్డం పడే యాస చెవికి హాయిగా దిగుతుంది. కాలం ముందుకూ వెనక్కూ దూకే నవల మాత్రం వినడం కష్టం. అచ్చులో దూకిన చోట ఒక ఖాళీ వరుసో, మూడు చుక్కలో కనిపిస్తాయి. చదివేవారు అక్కడ క్షణం ఆగకపోతే, బాల్యంలో ఉన్న పాత్ర తర్వాతి వాక్యంలో మనవలతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెట్టుకుంటే ఆ కాస్త విరామమూ పోతుంది. ఆడియో సిఫారసు చేసేటప్పుడు ఈ సంగతి చెప్పాలి.

శ్లేషప్రియ:

పొత్తమున మోముఁ గప్పుచుఁ బొద్దుపుచ్చు
మగని చెవి కాలి మాటలు మరుగు పడును;
ఇంతి మనసున నేమున్న దెఱుఁగఁ డతఁడు;
నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

చివరి పాదంలో రెండో ‘నవల’కు స్త్రీ అని అర్థం.

నిర్వాహకుడు:
దీనికోసమే ఎదురుచూశాను! ‘నవల’ అంటే స్త్రీ అనే అర్థం నిఘంటువుల్లో ఉన్నదే. ఇప్పుడు మనం వాడే అర్థం తర్వాత వచ్చింది. కందుకూరి తన రాజశేఖర చరిత్రను వచనప్రబంధమన్నారు. ఆ రచనను విమర్శిస్తూ ‘నవల’ అన్న మాటను ముందుకు తెచ్చింది కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి. ఇంగ్లీషు మాట ధ్వనికి దగ్గరగా ఉండటం, సంస్కృతంలో వ్యుత్పత్తి కూడా చెప్పుకునే వీలుండటంతో మాట నిలిచిపోయింది. ఆ పుణ్యమా అని ఇలాంటి శ్లేషలు దొరుకుతున్నాయి.

గణదృష్టి:
శ్లేషకు నమస్కారం. కానీ శ్లేషప్రియ గారూ, 2వ పాదం పైకి చదవండి. ‘మగని చెవి కాలి’! పాపం మగడి చెవి కాలింది. చెవికి + ఆలి సంధి వ్యాకరణానికి తప్పు కాదు, వినేవారికి మాత్రం మంటే కనిపిస్తుంది. ‘మగని కిల్లాలి మాటలు మరుగు పడును’ అంటే సరి. ‘కిల్లాలి’ తగణం, మిగతా గణాలు కదలవు. 3వ పాదంలో ఇ–(ద్)ఎ స్వరయతి (అచ్చుల మైత్రి) చక్కగా పడింది.

శ్లేషప్రియ:
చెవి చల్లబడింది. సవరణ తీసుకున్నాను.

పుటలపురుగు:
పద్యం బాగుంది గాని సిఫారసేదీ? చదివేవాడి మీద ఫిర్యాదు తప్ప, చదివిన దాని మీద ఒక్క మాటా లేదు. 1వ నియమానికి సగం మార్కులే.

తేటనీరు:
సమస్యను మొదటి పాదంగా పెట్టాను.

నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు
ననుట కల్ల, ముప్పది పుట లైనఁ జదివి
పాత్ర లెవ్వరో తెలియక పక్క నిడిన
తప్పు లే దందుఁ. జదువరి ధర్మ మదియె

కొత్తకలం:
2వ పాదంలో యతి న–లై ఎలా కుదిరిందండీ?

గణదృష్టి:
హల్లులు చూడకండి, సంధి విప్పి అచ్చులు చూడండి. ‘ఎఱుఁగున్ + అనుట’లో అకారం, ‘పుటలు + ఐన’లో ఐకారం. అ, ఆ, ఐ, ఔలకు మైత్రి ఉంది కాబట్టి స్వరయతి చెల్లింది. ‘ముప్పది’ దగ్గర కూడా కొత్తవారు తడబడతారు. ద్విత్వానికి ముందున్న ‘ము’ గురువు, కాబట్టి ‘కల్ల ము’ రగణం, ‘ప్పది పుట’ నలం.

పూరణగా మాత్రం ఇది తేలిక దారి. ‘అనుట కల్ల’ అనేస్తే ఏ సమస్యయినా పూరించవచ్చు. పాదాన్ని ఒప్పుకుని గెలవడం వేరు, తోసిపుచ్చి గెలవడం వేరు.

పుటలపురుగు:
దారి తేలికైనా, పద్యంలో చెప్పింది అందరికీ పనికొచ్చే మాట. అయితే 30 పుటల లెక్క అన్ని నవలలకూ పెట్టలేం. ఫారానికి (ఒకే కాగితం మడతగా అచ్చయ్యే కట్టకు) 16 పుటల చొప్పున ఇంచుమించు రెండు ఫారాలు. 150 పుటల నవలకు అది ఐదో వంతు, తీర్పు చెప్పడానికి చాలు. మూడు తరాల కథ 700 పుటలు నడిస్తే 30 పుటల్లో ఇంకా తాతగారి పెళ్లే కాదు. అలాంటి దానికి కనీసం 70 పుటలు ఇవ్వాలి.

పాత్రలు తెలియకపోవడం అన్నిసార్లూ రచయిత లోపం కాదు. ఒకే ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు. ఒకే మనిషిని ఒకరు ఇంటిపేరుతో, ఒకరు ముద్దుపేరుతో, మరొకరు వరసతో పిలుస్తారు. ఒక చీటీ మీద వంశవృక్షం గీసి, ప్రతి పేరు పక్కన పిలుపులు రాసుకుని, దాన్నే పుట గుర్తుగా పెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది. అప్పటికీ తెలియకపోతే పక్కన పెట్టండి.

ఇంకొకటి. కథ హఠాత్తుగా తెగినట్టు అనిపిస్తే రచయితను తిట్టేముందు పుటల అంకెలు చూడండి. 48 తర్వాత 65 ఉంటే అది శిల్పం కాదు, కుట్టులో ఒక ఫారం జారిపోయింది.

తేటనీరు:
తోసిపుచ్చానన్న మాట ఒప్పుకుంటున్నాను. ఒప్పుకుని పూరించినది ఇదిగో:

ఇంత మంచిది చదువుఁడీ యెల్ల రనుచు
హత్య చేసిన దెవ్వరో యపుడె చెప్పి
పుణ్యపురుషుండు పొగడఁగఁ బుట తెఱవక
నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

గణదృష్టి:
ఇది దెబ్బ! హ–య యతి గురించి ఎవరైనా అడిగేలోపే చెబుతున్నా: అ, ఆ, ఐ, ఔ, య, హ ఒక జట్టు, పైగా ‘యపుడె’లో ఉన్నది ‘అపుడె’. దోషం లేదు. ‘పుట తెఱవక’ అన్నాక మళ్లీ ‘చదువని’ అనడం కాస్త పునరుక్తి, హాస్యంలో కలిసిపోయింది.

పుటలపురుగు:
పొగిడేవారు నవలను చంపే తీరు ఇదే. హంతకుడి పేరు చెప్పకపోయినా, ‘చివర్లో పెద్ద మలుపుంది’ అంటే చాలు, చదివేవాడు ప్రతి పాత్రనూ అనుమానిస్తూ కూర్చుంటాడు. సిఫారసులో కథ మొదటి నాలుగో వంతు దాటకూడదు. దాని బదులు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. ఎవరు చెబుతున్న కథ (నేను అనే పాత్రా, పైనుంచి చూసే గొంతా), ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎంతదాకా ఓపిక పట్టాలి. అనువాదమైతే అనువాదకుల పేరు తప్పనిసరి. ఒకే నవలకు రెండు అనువాదాలుంటే ఒకటి పరుగెత్తిస్తుంది, ఇంకొకటి పడుకోబెడుతుంది. ‘బాగుంది, తప్పక చదవండి’ అన్నది సిఫారసే కాదు, పద్యంలో ఊతపదం లాంటిది.

మరోపుట:

ముగియు టెఱిఁగియు మొదటికే ముదముతోడ
మరలి, యే మాట యెందుకో మరల వెదకి
యొదుగు మెలికలఁ గనుగొను, నొక్కసారె
నవలఁ జదువని వాఁడె పో నవల నెఱుఁగు

నిర్వాహకుడు:
ఆహా. సమస్యలో ఒక్క అక్షరం కదపలేదు, శ్లేష లేదు, వ్యంగ్యం లేదు. 3వ పాదం చివరి ‘ఒక్కసారె’తో అర్థం తిరిగిపోయింది. ‘ఒక్కసారే చదివి ఊరుకోనివాడు.’ ఈ విడతలో నాకు నచ్చిన పూరణ ఇదే.

గణదృష్టి:
యొ–నొ స్వరయతి, రెండు చోట్లా ఒకారమే. ‘ఉన్న మెలికలు’ అని ఉంటే ‘వెదకియున్న’ అని కలిసిపోయేది. ‘ఒదుగు’ వేసి తప్పించుకున్నారు. ‘ఒదిగిన’ అంటే ఇంకా తేటగా ఉండేది గాని గణం ఒప్పుకోదు. పైకి చదివేటప్పుడు ‘కనుగొను’ దగ్గర ఆగాలి. ఆగకపోతే ‘కనుగొను నొక్కసారె’ అని వినిపించి అర్థం తలకిందులవుతుంది.

పుటలపురుగు:
రెండోసారి చదవడానికి అన్నీ తగవు. సంఘటనల మీదే బతికే నవల రెండోసారికి చప్పబడుతుంది. కథ చెప్పే పాత్ర ఏదో దాస్తున్నదనిపిస్తే మాత్రం చివరి పుట మూసీ మూయగానే 1వ అధ్యాయం మళ్లీ చదవాలి. నెలాగి చదివితే ఆ మెలిక దొరకదు. అపరాధపరిశోధన నవలలో రెండో చదువంతా ఆధారాల కోసమే: రచయిత న్యాయంగా ముందే చూపించాడా, లేక 18వ అధ్యాయంలో కొత్త సాక్షిని దించాడా? మొదటి చదువులో అనుమానం కలిగిన చోటల్లా పెన్సిలుతో అంచున చిన్న చుక్క పెడితే, రెండోసారి ఆ చుక్కలే దారి చూపుతాయి.

శ్లేషప్రియ:
పేర్లు చెప్పనక్కరలేదన్నారు. చెప్పాలనుకుంటే తేటగీతిలో నవల పేర్లు పడతాయా?

గణదృష్టి:
కొన్ని ఆ ఛందస్సు కోసమే పుట్టినట్టుంటాయి. ‘వేయిపడగలు’ చూడండి: వేయి (హ), పడగలు (నల). పాదం మొదట నేరుగా పెట్టవచ్చు:

వేయిపడగలు చదువుట వేడ్క మాకు

1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో దానితో బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ అలా కాదు. బహుమతి సమానమే, ఛందస్సు మాత్రం పక్షపాతం చూపింది. ‘నారాయ’ తగణమవుతుంది, మిగిలిన ‘ణరావు’ జగణం. సూర్యగణాల్లోనూ ఇంద్రగణాల్లోనూ జగణం లేదు. అలాగని వదిలేయక్కరలేదు. ‘నా’ను ముందున్న గణానికి తోకగా తగిలిస్తే ‘రాయణ’ భగణం, ‘రావు’ హగణం అవుతాయి. అప్పుడు ‘రావు’ యతిస్థానంలో పడుతుంది కాబట్టి పాదాన్ని రేఫతో (ర అక్షరంతో) మొదలుపెట్టాలి:

రమ్ము చదువ నారాయణరావు నిపుడు

రమ్ము (హ), చదువ నా (నగ), రాయణ (భ), రావు (హ), నిపుడు (న).

పుటలపురుగు:
గణాలు సరే, యతి సరే. ‘రమ్ము’ అని పిలిచారు గాని, ఎక్కడ నెమ్మదిస్తుందో చెప్పలేదు. మిగతా మూడు పాదాలూ దానికి కేటాయించండి.