చంటిబిడ్డల నుంచి నాలుగేళ్ల వాళ్ల దాకా: బొమ్మల పుస్తకాలు ఎలా ఎంచుకుంటున్నారు?

నెల్లూరు మేనత్త

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లబోతూ ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మా కుటుంబంలో ముగ్గురు చిన్నవాళ్లు ఉన్నారు. తమ్ముడి కూతురికి ఐదో నెల నడుస్తోంది, హనుమకొండలో ఉన్న చెల్లెలి కొడుక్కి ఏడాదిన్నర, సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్న మా పెదనాన్నగారి మునిమనవరాలికి నాలుగేళ్లు. ముగ్గురికీ బొమ్మల పుస్తకాలే కానుకగా ఇవ్వాలని ఉంది. అట్టమీద అచ్చువేసిన వయసు చూసి కొనేస్తే సరిపోతుందా అన్నదే నా అనుమానం, ఎందుకంటే "0-5 సంవత్సరాలు" అని రాసిన పుస్తకం పాలు తాగే పిల్లకూ బడికి వెళ్లే పిల్లకూ ఒకేలా ఎలా పనికొస్తుందో నాకు అర్థం కావడం లేదు. మీ ఇళ్లలో ఏ పుస్తకాలు పిల్లల చేతుల్లో నలిగాయి, ఏవి అటకెక్కాయి, ఎందుకు అన్నది చెబితే స్టాలు ముందు నిలబడి నేనే చూసుకోగలను.

పిల్లల వార్డు నర్సు, కర్నూలు

మేనత్తగారూ, ముందు చంటిదాని సంగతి చెబుతాను. అప్పుడే పుట్టిన బిడ్డకు సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయి, అంటే ఒళ్లో ఉండి తల్లి ముఖాన్ని చూసేంత దూరం. ఆ వారాల్లో ముదురు, లేత రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉండే బొమ్మలు చూపు నిలపడానికి ఉపయోగపడతాయి కాబట్టే నలుపు తెలుపు కార్డులు, పుస్తకాలు అంతగా అమ్ముడవుతున్నాయి. అయితే ఐదో నెల వచ్చేసరికి బిడ్డకు రంగులు బాగానే తెలుస్తాయి. ఇప్పుడు నలుపు తెలుపు వాటికి డబ్బు పెట్టనవసరం లేదు. పేజీకి ఒకే పెద్ద బొమ్మ, చుట్టూ ఖాళీ జాగా, వీలైతే మనుషుల ముఖాలు ఉన్న పుస్తకం తీసుకోండి. పిల్లలు ముఖాలను కళ్లప్పగించి చూస్తారు.

ఇక రెండో సంగతి నోరు. ఈ వయసులో బిడ్డ పుస్తకాన్ని చదివేది ముందు నోటితోనే. కాబట్టి ఉతకడానికి వీలైన గుడ్డ పుస్తకంగానీ, మూలలు గుండ్రంగా కత్తిరించిన మందపాటి అట్టల పుస్తకంగానీ కావాలి. గోటితో గీరితే మెరుపు పొడి రాలేవి, ఊడొచ్చే పూసలు, కళ్లు అతికించినవి వద్దు. నొక్కితే పాట వచ్చే పుస్తకాల విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. వాటిలో నాణెంలా ఉండే బటన్ సెల్ ఉంటుంది. అది మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. మా బంధువుల ఇంట్లో అలాంటి పుస్తకం ఒకటి కింద పడగానే వెనక మూత ఊడి సెల్ మంచం కిందికి దొర్లిపోయింది. అదృష్టం బాగుండి పెద్దవాళ్లు చూశారు. స్క్రూతో బిగించిన మూత లేని పుస్తకాన్ని ఎంత ముద్దుగా ఉన్నా అక్కడే వదిలేయండి.

"ఇంత పసిదానికి పుస్తకమేమిటి" అని ఇంట్లో పెద్దవాళ్లు నవ్వితే, అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసితనం నుంచే బిడ్డకు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని 2014లోనే తమ వైద్యులకు సూచించిందని చెప్పండి. వినేది కథను కాదు, గొంతును. అమ్మ గొంతు, నానమ్మ గొంతు ఏదైనా సరే.

ప్రీస్కూల్ టీచరు, కరీంనగర్

హనుమకొండ బాబు గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా రోజంతా ఆ వయసు వాళ్లతోనే గడుస్తుంది. ఏడాదిన్నర పిల్లవాడు పేజీ తిప్పే తీరు ఒకసారి గమనించండి. వేళ్లతో అంచును పట్టుకోడు. అరచేత్తో తోస్తాడు, దాంతో రెండు మూడు పేజీలు ఒకేసారి వెళ్లిపోతాయి, మళ్లీ వెనక్కి వస్తాడు, పుస్తకాన్ని తలకిందులు చేస్తాడు. అందుకని మొదలు నుంచి చివరిదాకా వరసగా చదివితే తప్ప అర్థంకాని కథ అతనికి ఇవ్వడం దండగ. ఎక్కడ తెరిచినా ఆ రెండు పేజీలు వాటంతట అవే నిలబడాలి: ఒక కుక్క నిద్రపోతోంది, ఒక పాప నీళ్లు పోసుకుంటోంది, ఒక తాత గొడుగు తెరుస్తున్నాడు. అట్ట మందంగా ఉంటే పేజీల మధ్య వేలు దూరుతుంది, తిప్పడం చేతనవుతుంది. ఆ విజయం కోసమే కొందరు పిల్లలు పుస్తకం అడుగుతారు.

బొమ్మ నిజంగా ఆ వస్తువులా ఉండటం కూడా ఈ దశలో ముఖ్యమే. జూడీ డిలోచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధనలో తొమ్మిది నెలల పిల్లలు ఫొటోలోని వస్తువును కాగితం మీద నుంచి పట్టుకుని తీయబోయారు, పంతొమ్మిది నెలల పిల్లలు మాత్రం దాన్ని వేలుపెట్టి చూపించారు. అమెరికా పిల్లలే కాదు, పుస్తకాలు అరుదైన ఐవరీ కోస్ట్ పల్లెల పిల్లలు కూడా ఫొటోలను పట్టుకోబోయారు. వేలు చూపే ఈ కాలంలో తొండం ఒక్కటే గీసి ఏనుగని చెప్పే కళాత్మకమైన బొమ్మ మనల్ని మెప్పిస్తుందే కాని పిల్లవాడికి అందదు. పూర్తి ఏనుగు కావాలి.

తెరిచి చూసే రెక్కలు, లాగే పట్టీలు ఉన్న పుస్తకాల మీద నాకు మోజు లేదు. సరదాకైతే ఒకటి కొనవచ్చు. కాని రెండున్నర నుంచి మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో మామూలు పుస్తకం చూసిన వాళ్లే, ఆటల హంగులున్న పుస్తకం చూసిన వాళ్లకన్నా అక్షరాలు ఎక్కువ నేర్చుకున్నారు. కారణం మా తరగతిలో రోజూ కనిపిస్తుంది. రెక్క ఉంటే పిల్లవాడి ధ్యాసంతా రెక్క మీదే ఉంటుంది, దాని కింద ఏముందో ఎవరికీ పట్టదు, మధ్యాహ్నానికి రెక్క చిరిగి చేతికొస్తుంది.

కొత్తగా నాన్న, హైదరాబాద్

మన్నించాలి, చిన్న ప్రశ్న. మా బాబుకు రెండేళ్లు. అక్షరమాల, అంకెలు, పండ్లు, జంతువులు, వాహనాలు అన్నీ ఒకేదాంట్లో వచ్చే పుస్తకం తక్కువ ధరకే దొరుకుతున్నప్పుడు, పేజీకి రెండు ముక్కలు కూడా లేని కథల పుస్తకానికి అంత డబ్బు ఎందుకు పెట్టాలి? బడిలో చేర్చేసరికి అక్షరాలు వస్తే మంచిదే కదా అని మా ఇంట్లో అందరి అభిప్రాయం.

అపార్ట్‌మెంటు లైబ్రరీ, మియాపూర్

నాన్నగారూ, మీరు చెప్పిన పుస్తకాలు మా లైబ్రరీకి విరాళంగా కుప్పలుగా వస్తాయి. వాటిలో ఒకదాని పండ్ల పేజీ ఇప్పుడు నా ముందుంది. ఒక్క పేజీలో పన్నెండు బొమ్మలు, అన్నీ ఎక్కడో దొరికిన ఫొటోలు కత్తిరించి అతికించినవే. స్ట్రాబెర్రీ, పియర్, కివీ ఉన్నాయి, జామకాయ లేదు, సీతాఫలం లేదు, తాటిముంజ అసలే లేదు. పుచ్చకాయా ద్రాక్షా ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఈ పేజీ మీద మీరు, మీ బాబు చేయగలిగిన సంభాషణ ఒక్కటే: "ఇదేంటి?", "ఆపిల్". పరీక్ష ముగిసింది. అదే ఒక పాప జామచెట్టు కింద నిలబడి పైకి చూస్తున్న బొమ్మైతే కాయ ఎలా కోస్తుంది, ఎవరిని పిలుస్తుంది, చిలక ముందే కొరికేసిందా అని మాట మీద మాట పెరుగుతుంది. అక్షరాల పుస్తకం వద్దనను, ఒకటి ఉండనివ్వండి. పుస్తకమంటే అదే అని బాబు అనుకోకుండా చూడండి.

ధర విషయంలో మాత్రం మీ బాధ న్యాయమైనదే. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో తెచ్చే పుస్తకాలు ఇప్పటికీ అందుబాటు ధరలోనే ఉన్నాయి, తెలుగులోనూ దొరుకుతాయి. హైదరాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు పాత సోవియట్ బొమ్మల కథలను తెలుగులో మళ్లీ అచ్చువేస్తున్నారు. మంచు, ఎలుగుబంట్లు మనవి కాకపోయినా ఆ బొమ్మల్లో ఉన్న పనితనం వేరు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి దించుకుని అచ్చు కూడా వేసుకోవచ్చు. అందులో నాలుగు స్థాయులుంటాయి, చదివి వినిపించడానికి మొదటి స్థాయి చాలు. ఫోన్లోనే చూపిస్తే సరిపోదా అని మా దగ్గర చాలామంది అడుగుతారు. ఫోన్ చేతికిచ్చాక కథ మీద ధ్యాస ఎంతసేపుంటుందో మీకు తెలియనిది కాదు.

నాలుగేళ్ల పాప దగ్గరికి వస్తే కొలమానం మారిపోతుంది. ఆ వయసు పిల్లలు మనం అక్షరాలు చదువుతున్నంతసేపూ బొమ్మలను చదువుతుంటారు, కాబట్టి వాక్యం చెప్పనిది ఏదో ఒకటి బొమ్మలో ఉండాలి. నాన్న తాళాల కోసం ఇల్లంతా వెతుకుతున్నాడని వాక్యం చెబుతుంటే అవి పిల్లి మెడలో వేలాడుతున్నట్టు బొమ్మ చూపించిందనుకోండి, పాప మనకన్నా ముందు అరుస్తుంది. ఆ అరుపు కోసమే పుస్తకం కొనాలి. అమ్మ ఎప్పుడూ వంటింట్లో, నాన్న ఎప్పుడూ పేపరు వెనక ఉండే పుస్తకాలను నేను పక్కన పెడతాను. చివరి పేజీలో నీతి వాక్యాన్ని డబ్బాకట్టి అచ్చువేసినవాటిని కూడా. అక్కడికి వచ్చేసరికి పిల్లలు లేచి వెళ్లిపోవడం మా చాప మీద మామూలే.

న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి

డాలస్ పాప గురించి నా మాట. ఇక్కడి ప్రజా గ్రంథాలయాల నుంచి ఇంగ్లిషు బొమ్మల పుస్తకాలు సంచుల కొద్దీ ఉచితంగా తెచ్చుకుంటాం, అందుకని దయచేసి ఇంగ్లిషువి కానుకగా ఇవ్వకండి. మాకు కరువు తెలుగుకే. 1996లో చెన్నైలో మొదలైన తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్లు ఒకే పుస్తకంలో ఇంగ్లిషు, తెలుగు పక్కపక్కనే అచ్చువేస్తారు. తెలుగు చదవలేని తల్లో తండ్రో ఉన్న ఇళ్లకు అవి ఎంతో మేలు చేస్తున్నాయి. అయినా నా అనుభవంలో మా అమ్మాయికి ఇంగ్లిషు చదవడం వచ్చిన నాటి నుంచి ఆమె కళ్లు తెలుగు వరస మీద నిలవడం మానేశాయి. పాప తల్లిదండ్రులిద్దరికీ తెలుగు చదవడం వస్తే ఒక్క తెలుగే ఉన్నవి తీసుకోండి.

అనువాదాల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక పేజీ పైకి చదివి చూడండి. ఊపిరి తీసుకోకుండా చదవాల్సిన బారెడు వాక్యమో, ఏ ఇంట్లోనూ వినపడని సంభాషణో ఉంటే పాప వినదు, చదివేవాళ్లూ రెండోసారి ముట్టుకోరు.

ప్రీస్కూల్ టీచరు, కరీంనగర్

రెండు భాషల పుస్తకాల గురించి మీతో పూర్తిగా ఏకీభవించలేను సార్. నాలుగేళ్ల పాప ఇంకా తనంతట తాను చదవదు, వింటుంది. చదివేది అమ్మమ్మ అయితే తెలుగు, నాన్న అయితే ఇంగ్లిషు, బొమ్మ మాత్రం ఒక్కటే. చదవడం వచ్చాక మీరన్నట్టు మారిస్తే సరి.

ఇంకొక మాట చెప్పాలి. చదివిందే చదవమని పిల్లలు ప్రాణం తీస్తున్నారని విసుక్కుని కొత్తవి కొనడం మొదలుపెడతారు. 2011లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడేళ్ల పిల్లలతో చేసిన పరిశోధనలో, అవే కొత్త మాటలను వేర్వేరు కథల్లో విన్న వాళ్లకన్నా ఒకే కథను మళ్లీ మళ్లీ విన్న వాళ్లే బాగా నేర్చుకున్నారు. కాబట్టి పది పుస్తకాల డబ్బుతో మూడు గట్టి పుస్తకాలు కొనండి. కొనేముందు, దీన్ని నేను రోజూ పైకి చదవగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. పెద్దవాళ్లకు విసుగొచ్చే పుస్తకం ఇంట్లో ఎక్కువ రోజులు నిలవదు.

నెల్లూరు మేనత్త

అందరికీ ధన్యవాదాలు. చంటిదానికి ముఖాలున్న గుడ్డ పుస్తకం, బాబుకు ఎక్కడ తెరిచినా నడిచే అట్టల పుస్తకాలు రెండు, పాపకు ఒక తెలుగు పుస్తకం, ఒక రెండు భాషల పుస్తకం అని రాసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. పాప వాళ్లు తిరుగు ప్రయాణంలో 23 కిలోల పెట్టెలో సర్దుకోవాలి కాబట్టి పలచనివే చూస్తున్నాను. అవన్నీ నడుమ పిన్నులు కొట్టినవే. ఇక్కడ ఉన్నన్నాళ్లు అవి బాబు చేతికి కూడా చిక్కుతాయి. పరవాలేదా?

అపార్ట్‌మెంటు లైబ్రరీ, మియాపూర్

పిన్నులతో ఉన్నవి అలాగే ఇవ్వకండి. పుస్తకాన్ని నడుమకు తెరిచి, పిన్ను కాళ్లను చెంచా కాడతో పైకి లేపి, వెనక నుంచి మెల్లగా బయటికి లాగేయండి. ఆ రంధ్రాల మధ్యలో ఇంకొకటి చేసి, దబ్బనంతో మందపాటి నూలు దారం మూడు రంధ్రాల గుండా కుట్టి ముడి లోపలి వైపు వేయండి. వెన్ను మీద బయటి నుంచి వెడల్పాటి గుడ్డ టేపు ఒకటి అంటిస్తే బాబు లాగినా అట్ట ఊడి రాదు, బరువూ పెరగదు. మా దగ్గర కొత్త పుస్తకం ఏది వచ్చినా ఈ పని అయ్యాకే అలమరలోకి వెళుతుంది. గమ్ముతో అతికించిన పలచని పుస్తకాలు మాత్రం ఈ వయసుకు తీసుకోకండి. వాటిని పూర్తిగా తెరిచి నేలమీద పరిస్తే చాలు, పేజీలు విడివిడిగా వచ్చేస్తాయి.