గర్భిణి ఉన్న ఇంట్లో సైంధవ లవణం వాడవచ్చా?

కాబోయే అమ్మమ్మ:
మా అమ్మాయికి ఏడో వారం నడుస్తోంది. మొదటి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోను) 3.6 వచ్చింది. రెండేళ్లుగా మేము సైంధవ లవణమే వాడుతున్నాము. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పుకు వెంటనే మారమని డాక్టరు గారు చెప్పారు. ఆ ఉప్పు వచ్చాకే ఇంటింటా థైరాయిడ్ మాత్రలు మొదలయ్యాయని మా వియ్యపురాలు గారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సేంద్రియ రైతు:
వియ్యపురాలి గారి మాటను తేలిగ్గా తీసివేయకండి. గాయిటర్ (గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాపు) హిమాలయ ప్రాంతాల బెడద. నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన చోట్లకు కనిపెట్టిన మందును, చేపలు తినే మన తీరం మీద కూడా చట్టంతో రుద్దారు. అయోడిన్ మితిమీరినా థైరాయిడ్ దెబ్బతింటుందని వైద్యులే ఒప్పుకుంటారు కదా.

విశ్రాంత ఫార్మసిస్టు:
మితిమీరితే చేటే, నిజం. సొంత థైరాయిడ్ మీదే దాడి చేసే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నవారిలో అది ఇబ్బంది పెట్టవచ్చు. కానీ ఇక్కడ మితిమీరుతోందా అన్నది లెక్క వేసి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలంటుంది, మామూలు పెద్దలకైతే 150. చట్టం ప్రకారం మన చేతికొచ్చే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. ఆ లెక్కన రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే దక్కేది 75 మైక్రోగ్రాములే, అందులోనూ పొయ్యి పక్కన మూతలేని డబ్బాలో ఉంచితే, ఉడికిస్తే కొంత పోతుంది. మిగతాది పాలు, గుడ్లు, చేపల నుంచి రావాలి. సైంధవ లవణంలో అయోడిన్ లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు. సముద్రపు రాళ్ళుప్పూ అంతే. అయోడిన్ చేపలో ఉంటుంది కానీ ఉప్పుమడిలో మిగలదు.

కొండప్రాంతాల మాటకొస్తే, 1956లో మొదలైన అధ్యయనంలో హిమాచల్ కాంగ్రా లోయలో వైద్య శాస్త్రవేత్త వి. రామలింగస్వామి గారి బృందం కొన్ని ఊళ్లకు అయోడిన్ ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి, మొదటి ఊళ్లలో గాయిటర్ తగ్గిందని చూపిన మాట నిజమే. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం పేరును 1992లో ‘అయోడిన్ లోప రుగ్మతల’ నియంత్రణగా మార్చారు, ఎందుకంటే అసలు నష్టం గొంతు మీద కనిపించే వాపు కాదు, కడుపులోని బిడ్డ మెదడుకు జరిగేది. మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంత హార్మోను ఉండదు, తల్లి థైరాయిడ్ అయోడిన్‌తో తయారుచేసే థైరాక్సిన్ హార్మోనే ఆధారం. ఆ సమయంలోనే తల్లి మూత్రంలో అయోడిన్ ఎక్కువగా పోతుంది.

సేంద్రియ రైతు:
మరి మాత్రలు వాడేవారు ఇంతమంది ఎందుకయ్యారు?

విశ్రాంత ఫార్మసిస్టు:
పరీక్షలు పెరిగాయి, గీత కూడా కిందికి దిగింది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2011లో మొదటి త్రైమాసికానికి టీఎస్‌హెచ్ గరిష్ఠ పరిమితి 2.5 అంది, స్థానిక కొలమానం లేనిచోట 4.0 వరకు ఫరవాలేదని 2017లో సవరించింది. మన దగ్గర చాలామంది ఇంకా 2.5 దగ్గరే ఆగారు. దాదాపు 22 వేల మంది గర్భిణులతో బ్రిటన్, ఇటలీలలో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, థైరాక్సిన్ మాత్ర తీసుకున్న తల్లుల పిల్లలకు, తీసుకోనివారి పిల్లలకు మూడేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు. అయితే అక్కడ మాత్ర మొదలయ్యేసరికి పన్నెండు వారాలు దాటాయి, కాబట్టి దానితో వాదం తీరలేదు. అమ్మా, మీ అమ్మాయికి టీపీఓ యాంటీబాడీ పరీక్ష (ఇందాక చెప్పిన యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయించారా? 3.6 దగ్గర మాత్ర అవసరమా కాదా అన్న నిర్ణయం చాలావరకు దాని మీదే ఉంటుంది. మాత్ర రాస్తే పరగడుపున వేయాలి, ఐరన్, కాల్షియం బిళ్లలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

కాబోయే అమ్మమ్మ:
చేయించలేదండీ, సోమవారం చేయిస్తాము. కూరల్లోకి ప్యాకెట్ ఉప్పు, మూత గట్టి డబ్బా రెండూ తెచ్చాము. ఒక్కటే చిక్కు: ఈ ఏటి ఆవకాయ జాడీ మొత్తం రాళ్ళుప్పు దంచి పెట్టిందే, పిల్ల అన్నంలోకి రెండు పూటలా అదే అడుగుతోంది.